నేను చూడని దెబ్బ

పోలీసులకు నేను అబద్ధం చెప్పానని చాలా నెలల వరకు నాకే తెలియదు.

మేముండేది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో. నేను గని మీద ల్యాంప్‌రూములో పనిచేస్తాను. లోపలికి దిగే కార్మికులకు టోపీకి తగిలించుకునే దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని ఛార్జింగుకు పెట్టడం నా పని. మా నాన్న మెడికల్ అన్‌ఫిట్ అయినప్పుడు ఆయనకు బదులుగా వచ్చిన ఉద్యోగం. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి దాని మీద మా ఇంట్లో పంచాయితీ రాలేదు. పక్కింట్లో వచ్చింది.

పక్కింటాయనను నేను కాక అని పిలిచేదాన్ని. ముప్పై ఏళ్ళు భూమి లోపల పనిచేసి, ఊపిరితిత్తులు పాడై ఆయన కూడా అన్‌ఫిట్ అయ్యాడు. ఇద్దరు కొడుకులు. ఉద్యోగం చిన్నోడికే అని కాక ఎన్నో ఏళ్ళుగా అందరితో అనేవాడు. కాగితాల్లో మొదట ఆ పేరే రాశాడు కూడా. తీరా దాఖలు చేసే ముందు దాన్ని కొట్టేసి పెద్దకొడుకు పేరు పెట్టాడు. పెద్దోడికి భార్యా పిల్లలున్నారు, వయసు దాటిపోతోంది. చిన్నోడి చేతిలో డ్రైవింగ్ ఉంది, ఎక్కడైనా బతుకుతాడు. కాక ఆలోచన ఇదీ. అందులో అన్యాయం ఉందని నేను ఇప్పటికీ అనలేను.

చిన్నోడు ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తోలే కాంట్రాక్టరు దగ్గర టిప్పర్ నడిపేవాడు. ఉద్యోగం సంగతి తేలిపోయాక ఇల్లు విడిచి వేరే గది తీసుకున్నాడు. అప్పుడప్పుడు వచ్చి తండ్రితో గొడవపడి పోయేవాడు. వాడు నా కళ్ళ ముందు పెరిగినవాడు. చిన్నప్పుడు ఇంట్లో అలిగితే మా గడప మీద వచ్చి కూర్చునేవాడు. ఏం అడిగినా పలికేవాడు కాదు. మా అమ్మ అన్నం కలిపి ముందు పెడితే తల దించుకుని తినేవాడు.

ఆ రోజు నాది మొదటి షిఫ్టు. మధ్యాహ్నం ఇంటికి వచ్చి పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కాక భార్యను నేను చిన్నమ్మ అంటాను. ఆమె మార్కెట్‌కు వెళ్ళింది. పెద్దకొడుకు డ్యూటీలో ఉన్నాడు, కోడలు పిల్లల కోసం బడికి పోయింది. నేను పెరట్లోకి రాకముందే చిన్నోడు ముందు వాకిట్లో బండి ఆపి లోపలికి పోవడం చూశాను. కొంతసేపటికి వాళ్ళ వెనక మెట్ల దగ్గర మాటలు పెద్దవయ్యాయి.

"నా పేరు రాసి మల్ల ఎందుకు కొట్టేసినవ్? గదొక్కటి చెప్పు నాకు."

"నువ్ ముందుగాల కూసో. కూసోని మాట్లాడు," అని కాక గొంతు.

అంతలో ఓపెన్‌కాస్టులో సైరన్ మోగింది, తర్వాత బ్లాస్టింగ్. మాకది రోజూ ఉండేదే. కిటికీ అద్దాలు గలగలమంటాయి, గూట్లో గిన్నెలు కదులుతాయి. ఆ చప్పుళ్ళలోనే పక్కన దబ్బుమని ఏదో పడినట్టు వినిపించింది. చిన్నోడు పెరటి తలుపు తీసుకుని గల్లీలోకి పరుగెత్తాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. నన్ను చూడలేదు. ముందున్న బండిని కూడా వదిలేసి పోయాడు.

నేను గల్లీలోంచి చుట్టూ తిరిగి లోపలికి పోయాను. కాక మెట్ల కింద పడి ఉన్నాడు. చెవి వెనక నుంచి రక్తం కారి మోరీ కాలువలోకి పోతోంది. బొగ్గు పెళ్ళలు పగలగొట్టే సుత్తె పక్కనే ఉంది, దానికి కూడా రక్తం అంటింది. నేను అరిచాను. నలుగురు వచ్చారు. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం.

పోలీసులు దవాఖానకే వచ్చారు. నా చీర కుచ్చిళ్ళ నిండా రక్తం. ఎస్సై నన్ను ఒక బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగమన్నాడు. తర్వాత నెమ్మదిగానే అడిగాడు.

"ఎవరు కొట్టిన్రమ్మా?"

"చిన్నకొడుకు."

"కొట్టంగ నువ్వు చూసినవా?"

"చూసిన."

"దేంతోని?"

"సుత్తెతోని. బొగ్గు కొట్టే సుత్తె."

నన్ను ఎవరూ బెదిరించలేదు. నా నోట్లో మాట ఎవరూ పెట్టలేదు. అడిగినదానికల్లా గట్టిగా, తడబడకుండా చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఎత్తిన చెయ్యి, అందులో సుత్తె, వంగిన కాక తల ఆ క్షణంలో నాకు నిజంగానే కనబడుతున్నాయి. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనబడతాయి.

మరుసటి రోజే చిన్నోణ్ణి పట్టుకున్నారు. హత్యాయత్నం కేసు. రిమాండు మీద కరీంనగర్ జైలుకు పంపారు. కాక బతికాడు. తలకు ఆపరేషన్ అయ్యాక కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. మనుషుల్ని గుర్తుపడుతున్నాడో లేదో కూడా తెలిసేది కాదు. ఏం జరిగిందో చెప్పగలిగిన ఇద్దరిలో ఒకరికి నోరు లేకుండా పోయింది. రెండోవాడు నిందితుడు. మిగిలింది నేను.

బెయిల్ రెండుసార్లు కొట్టేశారని కోడలు చెప్పింది. కళ్ళారా చూసిన సాక్షి పక్కింట్లోనే ఉంటుంది, వీడు బయటికొస్తే ఆమెను బెదిరిస్తాడని ప్రభుత్వ వకీలు అన్నాడట. ఆ మాట విని నాకు గర్వంగా అనిపించింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ అప్పుడు గర్వమే.

ఎండాకాలంలో ఒకరోజు మా అమ్మ పెరట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. నడుం పట్టేసి గోడకు ఆనుకుని నిలబడింది. పక్కింటి వైపు చూస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది.

"రేకుల గది అడ్డముంటది గదనే. నీకు మెట్లు ఎట్ల కనవడ్డయ్?"

నేను లేచి ఆమె పక్కన నిలబడ్డాను. పక్కింటివాళ్ళు పెరట్లో స్నానానికి రేకులతో గది కట్టుకున్నారు. మా గోడ దగ్గర ఎక్కడ నిలబడి చూసినా ఆ రేకులే. మెట్లు కనబడవు. దండెం కట్టిన మూలకు పోయి చూశాను. వేళ్ళ మీద లేచి చూశాను. పెరటి తలుపు కనబడుతోంది, గల్లీ కనబడుతోంది. మెట్లు మాత్రం ఏ మూల నుంచీ కనబడలేదు. చూశానని నేను చెప్పిన దెబ్బ ఆ రేకుల అవతల పడింది. పడిందో లేదో కూడా నాకు తెలియదు.

అప్పటికి వాడు జైల్లో ఆరో నెల.

ఎవరితో చెప్పాలో తెలియలేదు. స్టేషన్‌కు పోయి మాట మార్చుకుంటానంటే నన్నే లోపల వేస్తారేమోనని భయం. పెద్దోడితో చెబితే ఊరుకోడు. రోజూ డ్యూటీకి పోయి వచ్చాను, వండుకున్నాను, తిన్నాను. ల్యాంప్‌రూములో ఒక దీపం తిరిగి రాకపోతే ఎవరిదో నంబరు చూసి వెంటనే లోపలికి ఫోన్ చేస్తాం. దీపం రానంతసేపూ ఆ మనిషి లోపలే ఉన్నట్టు. అట్లాంటి పని చేసే నేను మూడు నెలలు నోరు మూసుకుని కూర్చున్నాను.

కోర్టు నుంచి సమన్లు వచ్చిన వారంలో చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. కాకకు నోట్లో ముద్ద పెట్టి, తుడిచి, పడుకోబెట్టి వచ్చినట్టుంది. కొంగుకు ఇంకా జావ అంటుకుని ఉంది.

"నిన్నేం అడుగ రాలే బిడ్డా," అంది. "నువ్ ఏం చెప్పినా నాకు ఒక కొడుకు పోతడు. శిక్ష పడితే చిన్నోడు, ఇడిస్తే పెద్దోడు. గదే చెప్పి పోదామని వచ్చిన."

"చిన్నమ్మా, చిన్నోడే కొట్టిండనుకుంటున్నవా?"

ఆమె నా మొహంలోకి చూసింది. "నువ్ చూసినవ్ గదా," అంది.

కోర్టు రోజు నన్ను తీసుకుపోవడానికి స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, ఫైలు తీసి, సెక్షన్ కోసం జేబులోంచి ఒక మడత కాగితం చూసుకున్నాడు. "కొత్త చట్టమొచ్చి నంబర్లన్ని మారినయమ్మా, నేరాలు మాత్రం గవే," అన్నాడు. తర్వాత నా వాంగ్మూలం చేతికిచ్చి ఒకసారి చదువుకొమ్మన్నాడు.

'నిందితుడు సుత్తెతో తన తండ్రి తలపై కొట్టగా నేను కళ్ళారా చూచినాను.' నా మాటలే, కొంచెం పుస్తకాల భాషలో.

"సార్, నేను కొట్టంగ చూళ్ళే," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మరి గప్పుడు గట్ల ఎందుకు చెప్పినవ్?"

"చూసిన్ననే అనుకున్న."

"కింద చూడు. నీ సంతకం ఉండది. పోలీసులకు చెప్పిన మాట మా దర్యాప్తుకే. సాక్ష్యం అంటే గా బోనుల నిలవడి, ప్రమాణం చేసి చెప్పింది. గాడ అబద్ధం చెప్తే మాత్రం తప్పయితది." కాగితం తీసుకుని ఫైల్లో పెట్టాడు. "నువ్ మాట మారిస్తే హాస్టైల్, అంటే ఎదురు తిరిగిన సాక్షి అంటరు. ప్రభుత్వ వకీలు కోపం చేస్తడు. చేస్తే చెయ్యనీ. నేనైతే నీకు గిది చెప్పు, గది చెప్పు అని చెప్ప."

కోర్టు హాలు నేననుకున్నంత పెద్దది కాదు. ఫ్యాను కింద కాగితాల మీద రాళ్ళు పెట్టారు. చిన్నోడు వెనక గోడ దగ్గర ఇద్దరు పోలీసుల మధ్య నిలబడ్డాడు. చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. పెద్దోడు డ్యూటీ మాని వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. నన్ను చూసి ధైర్యంగా ఉండమన్నట్టు తల ఊపాడు.

ప్రమాణం చేశాను. ప్రభుత్వ వకీలు పేరు, పని, ఇల్లు అడిగి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాడు. బట్టలు ఆరేయడం దగ్గర నుంచి చెప్పాను. మాటలు విన్నాను. బ్లాస్టింగ్ అయింది. చప్పుడు విన్నాను. వాడు పరుగెత్తడం చూశాను.

"పరుగెత్తక ముందు ఏం చూశారు?"

"ఏం చూళ్ళే సార్. రేకుల గది అడ్డముంటది."

ఆయన ఫైలు వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు. తర్వాత జడ్జిగారి అనుమతి తీసుకుని, సొంత సాక్షినైన నన్నే ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. సుత్తెతో కొట్టడం చూశానని పోలీసులకు చెప్పారా లేదా?

"చెప్పిన."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా?"

"అప్పుడు చెప్పింది. అబద్ధం అని తెల్వక చెప్పిన."

నిందితుడితో కుమ్మక్కయి కోర్టును తప్పుదారి పట్టిస్తున్నారు అన్నాడు. కాదన్నాను. జడ్జిగారు నన్ను సూటిగా చూసి, "అమ్మా, నువ్వు ఊహించింది వద్దు, ఎవరో అనంగ విన్నది వద్దు. నీ కంటితో చూసిందేందో అదొక్కటే చెప్పు," అన్నారు. మళ్ళీ అదే చెప్పాను. ఆయన పక్కనున్న ఆమెకు టైపు చేయడానికి చెబుతుంటే నా మాటలు ఒక్కొక్కటిగా వినబడ్డాయి.

చిన్నోడికి వకీలును పెట్టేవాళ్ళు లేక కోర్టే ఉచితంగా ఒక ఆమెను ఇచ్చింది. ముప్పై దాటని అమ్మాయి. ఆమె నన్ను ఒకటే అడిగింది. విన్న చప్పుడు బ్లాస్టింగుదా, దెబ్బదా, మనిషి పడిందా, కచ్చితంగా చెప్పగలరా? చెప్పలేనన్నాను. కూర్చుంది.

బయటికి వచ్చేసరికి పెద్దోడు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"వాడే నీకు తమ్ముడా అక్కా? మేం ఎవరం గామా?"

"తమ్మీ, నేను చూళ్ళేదురా."

"మా నాయిన రోజు పక్కల పండి మూలుగుతుంటే వినవడతలేదా నీకు? గోడ అవతలే ఉంటవ్ గద."

వినబడుతుంది. మా వంటగదిలోకి బాగా వినబడుతుంది.

తీర్పు కొన్ని వారాల తర్వాత వచ్చింది. కొట్టినా, మెట్టు అంచు మీద పడినా అట్లాంటి గాయం కావచ్చని డాక్టరు చెప్పాడట. సుత్తె రక్తపు మడుగులోనే దొరికింది, కాబట్టి దానికంటిన రక్తం ఏదీ రుజువు చేయలేదు. చిన్నోణ్ణి జడ్జిగారు అడిగితే సాక్ష్యాలన్నీ అబద్ధమని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడట. సంశయ లాభం కింద వదిలేశారు.

నేను ఆ రోజు సెలవు పెట్టి పోయాను. వరండాలో ఆ వకీలు అమ్మాయిని పట్టుకుని అడిగాను. "అంటే వాడు తప్పు చెయ్యలేదనేనా?"

"అట్లని కాదక్కా. చేసిండని ప్రభుత్వం రుజువు చెయ్యలేకపోయింది. రుజువు చేసే బరువు వాళ్ళది. చెయ్యలేదని నిరూపించుకునే పని నిందితుడిది కాదు. అందుకే అతను నోరు తెరవకపోయినా అది తప్పు కిందికి రాదు."

"మరి అసలు ఏమైందో ఎవరు చెప్తరు?"

ఆమె నల్ల గౌను మడతపెడుతూ ఆగింది. "కోర్టు ప్రతిసారీ అది చెప్పలేదక్కా. ఇంకొకటి కూడా ఉంటది. చెయ్యి చేసిన పని ఒక్కటే చూస్తే సరిపోదు, మనసుల ఉద్దేశం ఏముండెనో కూడా చూడాలె. చంపాలనుకున్నడా, కొట్టాలనుకున్నడా, ఏదీ అనుకోలేదా. అది ఇంకా కష్టం." అంతలో ఆమెను ఇంకో కేసుకు పిలిచారు.

ఇంటికి వచ్చి పడుకున్నాను. వాడు కొట్టి ఉంటే నా మాట వల్ల తప్పించుకున్నాడు. కొట్టకపోతే నా మాట వల్ల ఏడాదికి దగ్గరగా జైల్లో ఉన్నాడు. ఈ రెంటిలో ఒకటి నేను చేసినట్టే. ఏది చేశానో తెలియకుండా ఆ రోజు నుంచి బతుకుతున్నాను.

చిన్నోడు మళ్ళీ కాలనీ మొహం చూడలేదు. బసంత్‌నగర్‌లో సిమెంటు లారీ మీద కుదిరాడని తెలిసింది. పెద్దోడు మా గనిలోనే పనిచేస్తాడు. నా కిటికీ దగ్గర దీపం తీసుకోవడం మానేశాడు, తోటివాడితో తెప్పించుకునేవాడు. చిన్నమ్మ మాత్రం ఎప్పటిలాగే గోడ మీద నుంచి చింతపండో కరివేపాకో అడిగేది. పెద్దోడు, కోడలు ఇద్దరూ ఇంట్లో లేనప్పుడు కాకను పక్కకు తిప్పడానికి నన్ను పిలిచేది. ఇద్దరం కలిసి తిప్పేవాళ్ళం. కాక కళ్ళు పైకప్పు వైపే ఉండేవి.

మరుసటి ఏడాది వానాకాలం మొదట్లో మా బంధువుల ఇంటికి పోయి వస్తూ బసంత్‌నగర్ స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. లారీల వరుసలోంచి చిన్నోడు నడిచి వచ్చాడు. జుట్టు నిండా సిమెంటు దుమ్ము.

"బాగున్నవా అక్కా."

"బాగున్న."

నేను జైలు గురించి అడుగుదామనుకున్నాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఏదీ నోట్లోంచి రాలేదు.

"నన్ను ఎవ్వరు అడుగలే అక్కా," అన్నాడు వాడే. "పోలీసులు కొట్టినవా అని అడిగిన్రు. కోర్టుల ఇది నిజమా అని అడిగిన్రు. ఏమైందిరా అని ఎవ్వరు అడుగలే."

"ఏమైందిరా?"

"నేను పోతానని లేస్తే నాయిన చెయ్యి వట్టుకున్నడు. మెట్ల మీద. కూసోమంటడు, ఇడువడు. చెయ్యి గుంజుకున్న. గట్టిగనే గుంజుకున్న. గప్పుడే బ్లాస్టింగ్ అయింది. ఉరికిన. సుత్తె నేను ముట్టలే."

"కింద వడుడు చూసినవా?"

"ఎనుకకు చూళ్ళే." చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. "గుంజుడుకు వడ్డడా, నేను పోయినంక వడ్డడా నాకు తెల్వదు. రోజు గదే యాదికొస్తది. నేనే చేసిన్నా, చెయ్యలేదా అని."

వకీలుతో ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్పానన్నాడు. నోరు విప్పితే నీకే చుట్టుకుంటుంది, రుజువు వాళ్ళనే చెయ్యనియ్యి అందట. ఆమె తన పని చేసింది. బస్సు వచ్చింది. వాడు నా సంచీ అందుకుని మెట్టు మీద పెట్టాడు. "అమ్మను ఒకసారి రమ్మను," అన్నాడు.

చిన్నమ్మతో చెప్పాను. ఆ ఆదివారమే ఆమె గిన్నెలో చికెన్ కూర పెట్టుకుని బసంత్‌నగర్ బస్సు ఎక్కింది. పెద్దోడితో చెప్పాలా వద్దా అని చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. వాడు నమ్మడు. నమ్మినా కాక లేచి కూర్చోడు. కానీ ఒకసారి తెలిసింది దాచి నేను చేసిన పాపం చాలు అనిపించింది. ఒకరోజు పెద్దోడు రెండో షిఫ్టుకు పోతూ వాకిట్లో బూట్లు వేసుకుంటుంటే పోయి నిలబడ్డాను. తమ్ముడు చెప్పింది చెప్పినట్టు, ఒక్క మాట కలపకుండా చెప్పాను.

వాడు బూటు లేసు పట్టుకుని అట్లాగే కూర్చుని విన్నాడు. కోపం చేస్తాడనుకున్నాను. చేయలేదు.

"సరే అక్కా. కొట్టలేదనే అనుకుందాం. గుంజుకున్నడు, ఉరికిండు." లేసు ముడి వేసుకున్నాడు. "నాయిన గదా. ఒక్కసారన్న ఎనుకకు చూడొద్దా?"

లోపల నుంచి కాక మూలుగు వినిపించింది. వాడు లేచి లోపలికి పోయి, తండ్రిని పక్కకు తిప్పి, వీపు కింద దిండు సర్ది వచ్చాడు. తర్వాత టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి బయల్దేరాడు.